యాంటీబయోటిక్ మందులకు లెక్క ఎందుకు?

రోగి వెంట వచ్చిన బంధువుల కోసం

జ్వరంతో ఉన్న మనిషిని మీరు ఆసుపత్రికి తీసుకొచ్చినప్పుడు డాక్టరుగారు మిమ్మల్ని తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. "ఇక్కడికి వచ్చే ముందు ఏం మందులు వాడారు?"

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ ప్రశ్నకు ఎక్కువగా వినిపించే జవాబు ఇలా ఉంటుంది. "ఏటో బాబూ, తెల్ల బిళ్ళలు, ఒక ఎర్ర గొట్టం ఇచ్చారు. రెండ్రోజులేసినాం. జొరం తగ్గినాది, ఆపీసినాం. మళ్ళీ వచ్చీసినాది."

ఇందులో దాచిపెట్టినదేమీ లేదు. ఆ ఇంటివారికి మందు పేరు నిజంగానే తెలియదు. చీటీ లేదు, బిల్లు లేదు, అట్ట కూడా లేదు. మాత్రలు కత్తిరించి కాగితం పొట్లంలో కట్టి ఇచ్చారు. అయితే ఆ తెలియని పేరు వల్లే వైద్యం ఆలస్యం కావచ్చు. రక్తపరీక్షలో క్రిమి కనిపించకుండా పోవచ్చు. ఒక్కోసారి ప్రాణం మీదకు కూడా రావచ్చు. అది ఎలాగో, దేశం మొత్తం మీద యాంటీబయోటిక్ మందుల వాడకాన్ని ఎందుకు లెక్క కడుతున్నారో, ఆ లెక్కలో మీ ఇంటి పాత్ర ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

యాంటీబయోటిక్ అంటే ఏమిటి?

మనకు జబ్బులు తెచ్చే సూక్ష్మజీవులు చాలా రకాలు. వాటిలో బాక్టీరియా అనే క్రిములను చంపే మందులు, లేదా అవి పెరగకుండా ఆపే మందులు యాంటీబయోటిక్‌లు. టైఫాయిడ్, కొన్ని రకాల న్యుమోనియా, చీముగడ్డలు, మూత్రంలో ఇన్ఫెక్షన్ వంటివి బాక్టీరియా వల్ల వస్తాయి. జలుబు, ఫ్లూ, డెంగ్యూ వైరస్‌ల వల్ల వస్తాయి. వైరస్ మీద యాంటీబయోటిక్ పని చేయదు. జలుబుకు యాంటీబయోటిక్ వేసుకోవడం తాళం ఒకటైతే తాళంచెవి మరొకటి పెట్టి తిప్పడం లాంటిది.

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొన్నారు. ఈ మందుల చరిత్రలో ఒక తెలుగువాడికి కూడా గొప్ప స్థానం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్ ఆ ప్రయోగశాలలోనే 1948లో వెలువడింది. ఈ మందులు రాకముందు చిన్న గాయం చీముపట్టి మనిషి చనిపోవడం, పురిటి జ్వరంతో తల్లి చనిపోవడం మామూలు విషయాలు. ఆ రోజులు మళ్ళీ రాకూడదనే ఈ జాగ్రత్తలన్నీ.

మందు ఎందుకు పనిచేయకుండా పోతుంది?

మన పొలంలో ఒకే పురుగుమందు ఏడాది తర్వాత ఏడాది కొడితే ఏమవుతుందో రైతు కుటుంబాలకు తెలుసు. మందుకు చచ్చేవి చస్తాయి. తట్టుకున్న కొన్ని పురుగులు మిగులుతాయి. మరుసటి పంటకు ఆ మొండి పురుగులే పిల్లలు పెడతాయి. చివరికి డబ్బా ఖాళీ చేసినా పురుగు చావదు.

శరీరంలోనూ ఇదే జరుగుతుంది. అవసరం లేకుండా యాంటీబయోటిక్ వేసుకున్నా, తక్కువ మోతాదులో వేసుకున్నా, వాడవలసిన మందు కాక వేరేది వాడినా మొండి క్రిములు మిగిలి పెరుగుతాయి. ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం సరిచేసుకోవాలి. "మా వాడి ఒంటికి మందు అలవాటైపోయింది" అని చాలామంది అంటారు. అలవాటు పడింది ఒళ్ళు కాదు, క్రిమి. ఆ క్రిమి ఆ మనిషి దగ్గరే ఉండిపోదు. చేతుల ద్వారా, నీటి ద్వారా, మరుగుదొడ్డి ద్వారా ఇంట్లో చంటిపిల్లకు, పక్క మంచంలోని రోగికి చేరుతుంది. ఏనాడూ యాంటీబయోటిక్ వాడని మనిషికి కూడా మందుకు లొంగని జబ్బు రావచ్చు.

2019లో ప్రపంచం మొత్తం మీద సుమారు 12 లక్షల 70 వేల మంది కేవలం మందుకు లొంగని బాక్టీరియా కారణంగా చనిపోయారని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. అందులో మన దేశంలోనే దాదాపు 3 లక్షల మంది.

టైఫాయిడ్ నేర్పిన పాఠం

మన ప్రాంతంలో టైఫాయిడ్ పేరు తెలియని ఇల్లు లేదు. ఆ ఒక్క జబ్బు కథ చూస్తే విషయమంతా తెలుస్తుంది.

మందులు లేని కాలంలో టైఫాయిడ్ వచ్చిన 10 మందిలో ఒకరో ఇద్దరో చనిపోయేవారు. 1948లో క్లోరాంఫెనికాల్ అనే మందుతో టైఫాయిడ్ నయమవుతుందని తేలింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ 1972లో కేరళలోని కాలికట్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ ప్రబలింది. 1990 ప్రాంతానికి క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ మూడింటికీ లొంగని క్రిములు దేశంలో చాలాచోట్ల కనిపించాయి. అప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ ఆదుకుంది. కొద్ది ఏళ్ళలోనే దాని బలం కూడా తగ్గిపోయింది. తర్వాత సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్, అజిత్రోమైసిన్ మాత్ర మిగిలాయి.

2016లో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో, అక్కడి హైదరాబాదు నగరంలో, సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ బయలుదేరింది. నోటితో వేసుకునే మందుల్లో దాదాపు అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. ఆ జబ్బును అదుపు చేయడానికి అక్కడి పిల్లలకు వేసిన టీకా మన హైదరాబాదులో భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసినది. మందు చేయలేని పనిలో టీకా సాయపడింది.

ఇప్పుడు ఆలోచించండి. టైఫాయిడ్‌కు చివరగా మిగిలిన అజిత్రోమైసిన్‌ను మనం జలుబుకు, గొంతు గరగరకు వాడేస్తుంటే ఏం జరుగుతుంది?

దేశమంతటి వాడకాన్ని ఎలా కొలుస్తారు?

ఏ మందు ఎంత ఖర్చవుతోందో తెలియకపోతే దేన్ని కాపాడుకోవాలో తెలియదు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటేదాకా చూడని ఇల్లాలు ఉండదు కదా! మందుల విషయంలో దేశం కూడా అలాగే చూసుకోవాలి.

అయితే కొలవడం తేలిక కాదు. ఒక మాత్ర 250 మిల్లీగ్రాములు, మరొకటి 500. పిల్లలకు సిరప్, వార్డులో ఇంజెక్షన్. వీటన్నిటినీ ఊరికే కూడితే లెక్క తేలదు. వడ్లు కొలవడానికి ఊరంతటికీ ఒకే కుంచం ఉన్నట్టు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి మందుకు ఒక "రోజువారీ కొలత" పెట్టింది. పెద్ద మనిషికి ఆ మందు సాధారణంగా రోజుకు ఎంత పడుతుందో అదే ఆ కొలత. ఉదాహరణకు, అమాక్సిసిలిన్‌కు అది ఒకటిన్నర గ్రాము. అంటే 500 మిల్లీగ్రాముల గొట్టాలు మూడు కలిస్తే ఒక కొలత. ఇది లెక్క కోసమే సుమా! మీరు వేసుకోవలసిన మోతాదు వయసును, బరువును, జబ్బును బట్టి డాక్టరుగారే చెప్పాలి.

ప్రతి 1,000 మంది జనాభాకు రోజుకు ఎన్ని కొలతలు ఖర్చయ్యాయో చూస్తే ఊరికీ ఊరికీ, దేశానికీ దేశానికీ పోల్చుకోవచ్చు.

ఆ లెక్క ఏం చెప్పింది?

2019లో మన దేశంలో ప్రైవేటుగా అమ్ముడైన యాంటీబయోటిక్‌లను ఇలాగే లెక్క కట్టారు. మొత్తం సుమారు 507 కోట్ల కొలతలు. 1,000 మందికి రోజుకు 10.4. అంటే 1,000 మంది ఉన్న ఒక పల్లెలో రోజుకు 10 కొలతలు, ఏడాదికి సుమారు 3,800 కొలతలు ఖర్చయినట్టు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చిన మందులు ఈ లెక్కలో లేవు.

ఈ సంఖ్య యూరప్‌లోని చాలా దేశాలకంటే తక్కువే. మరి భయమెందుకు? భయం ఎంత వాడుతున్నామన్న దానికన్నా, ఏది వాడుతున్నామన్న దాంట్లో ఉంది. అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైనది అజిత్రోమైసిన్ 500 మాత్ర. దాని తర్వాత సెఫిక్సిమ్ 200. పైగా వాడిన వాటిలో దాదాపు సగం కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం లేని రకాలని కూడా ఆ పరిశీలనలో తేలింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయోటిక్‌లను మూడు వరుసలుగా విభజించింది.

మొదటి వరుస: ముందుగా వాడదగినవి. అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, కోట్రైమాక్సజోల్ వంటివి.

రెండో వరుస: ఆచితూచి వాడవలసినవి. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, సిప్రోఫ్లాక్సాసిన్, మెరోపెనెమ్ వంటివి.

మూడో వరుస: వేరే దారి లేనప్పుడు వాడేందుకు దాచుకోవలసినవి. కొలిస్టిన్, లినెజోలిడ్ వంటివి.

విత్తనపు వడ్లు, తిండి వడ్లు వేరుగా దాచుకున్నట్టే ఇది. 2019 లెక్కలో మనం వాడినవాటిలో సగానికి పైగా రెండో వరుసవి. మొదటి వరుసవి నాలుగో వంతు మాత్రమే. మనం విత్తనపు వడ్లు దంచుకు తింటున్నామన్నమాట. 2030 నాటికి ప్రపంచంలో వాడే యాంటీబయోటిక్‌లలో 70 శాతం మొదటి వరుసవే కావాలని 2024లో ఐక్యరాజ్యసమితి సభలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి.

ఆసుపత్రుల వాడకం మీద కూడా లెక్క ఉంది. ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 నవంబరు నుంచి 2022 ఏప్రిల్ వరకు 20 పెద్ద ఆసుపత్రుల్లో 9,652 మంది రోగులను పరిశీలించింది. 100 మందిలో 72 మందికి యాంటీబయోటిక్ నడుస్తోంది. వాటిలో సగానికి పైగా ఉన్న జబ్బుకు కాక, జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చినవి. ఫలానా క్రిమి అని పరీక్షలో తేలిన తర్వాత ఇచ్చినవి 6 శాతమే. కాబట్టి తప్పంతా మందుల షాపుదో, పల్లె జనానిదో అనుకోకండి. వైద్యులం, ఆసుపత్రులం కూడా దిద్దుకోవలసింది ఉంది. లెక్క వల్ల కలిగే మేలు ఇదే. అది ఎవరి మొహమాటమూ చూడదు.

లెక్కకు అందని మాత్రలు

2014 మార్చి నుంచి మన దేశంలో షెడ్యూల్ హెచ్-1 అనే నిబంధన అమలులో ఉంది. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్ వంటి మందులు అమ్మినప్పుడు మందుల షాపువారు చీటీ రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారో ఒక ప్రత్యేక రిజిస్టరులో రాయాలి. ఆ రిజిస్టరు 3 ఏళ్ళు భద్రపరచాలి. అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందు అని గుర్తు. 2016లో ప్రభుత్వం ఈ ఎర్ర గీత గురించి దేశమంతా ప్రచారం చేసింది.

చీటీ లేకుండా కొన్న మాత్ర ఆ రిజిస్టరులోకి ఎక్కదు. విడిగా కత్తిరించి ఇచ్చిన మాత్ర పేరు ఇంట్లోనూ మిగలదు. అలా అది దేశం లెక్కకూ అందదు, మీ డాక్టరు లెక్కకూ అందదు. దీనివల్ల రోగికి జరిగే నష్టం ఇదీ:

1. ముందే యాంటీబయోటిక్ పడితే రక్తాన్ని పెంపకం పరీక్షకు పంపినా క్రిమి పెరగకపోవచ్చు. ఏ మందు పనిచేస్తుందో చెప్పే పరీక్ష అది. అది పోతే డాక్టరు అంచనాతో వైద్యం చేయాలి.

2. పనిచేయని మందు ఏదో తెలియక అదే మళ్ళీ ఇచ్చే ప్రమాదం ఉంది. రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకిన రోగికి కొన్ని గంటల ఆలస్యం కూడా ఎక్కువే.

3. ఏ మందు పడలేదో తెలియకపోతే అలర్జీ మళ్ళీ రావచ్చు.

4. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి చాలా యాంటీబయోటిక్‌ల మోతాదు మార్చి ఇవ్వాలి. ఉద్దానం నుంచి వచ్చే కుటుంబాలు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

ప్రతి రోగికీ లెక్క ఉంచడం సాధ్యమేనా అని మీరు అడగవచ్చు. క్షయ జబ్బు విషయంలో మన దేశం అదే చేస్తోంది. 2012 నుంచి ప్రభుత్వ వైద్యులతోపాటు ప్రైవేటు వైద్యులు కూడా ప్రతి క్షయరోగి వివరాలు ప్రభుత్వానికి తెలియజేయాలి. ఏ మందు ఎన్నాళ్ళు వాడారో నిక్షయ్ అనే కంప్యూటరు పద్ధతిలో నమోదవుతుంది.

మన జిల్లాల్లో

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల మండలంలో విరేచనాలు ప్రబలి పలువురు చనిపోయిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. నీరు కలుషితమైతే ముందు జబ్బు వస్తుంది, వెనకే మందుల వాడకం పెరుగుతుంది. నీళ్ళ విరేచనాల్లో మనిషిని ఎక్కువగా నిలబెట్టేది యాంటీబయోటిక్ కాదు, ఓ.ఆర్.ఎస్. నీళ్ళు. పిల్లలకు దానితోపాటు జింక్ మాత్ర 14 రోజులు ఇస్తారు. రక్త విరేచనాలకు, కలరాకు యాంటీబయోటిక్ కావాలో లేదో డాక్టరు నిర్ణయిస్తారు. మంచినీరు, సబ్బుతో చేతులు కడుక్కోవడం, మరుగుదొడ్డి, టీకాలు, ఇవన్నీ యాంటీబయోటిక్‌ను ఆదా చేసే పనులే.

మన తీరం వెంబడి రొయ్యల చెరువులున్నాయి. టైఫాయిడ్ కథలో చెప్పుకున్న క్లోరాంఫెనికాల్‌ను రొయ్యల సాగులో వాడడం నిషేధం. విదేశాలకు పంపే రొయ్యల్లో మందుల అవశేషాలు ఉన్నాయేమోనని పరీక్షలు చేస్తారు. ఉంటే సరుకు వెనక్కి వస్తుంది. 2019లో కోళ్ళు, పశువులు, చేపలు, రొయ్యల పెంపకంలో కొలిస్టిన్ వాడకాన్ని కూడా కేంద్రం నిషేధించింది. చెరువు ఉన్నవారు, కోళ్ళఫారం ఉన్నవారు "బాగా పెరగడానికి" అని ఎవరైనా మందు అంటగడితే తీసుకోకండి. రొయ్య కడుపులోకి వెళ్ళేదానికి అంత పరీక్ష ఉన్నప్పుడు, మన బిడ్డ కడుపులోకి వెళ్ళేదాని పేరైనా మనం అడగవద్దా?

మీ ఇంటి లెక్క

* ఇంట్లో ఒక సంచి పెట్టుకోండి. ప్రతి మనిషి చీటీలు, బిల్లులు, పరీక్ష కాగితాలు అందులో ఉంచండి. ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆ సంచి తెచ్చుకోండి.

* విడి మాత్రలు ఇస్తే, పేరు కనిపించే అట్టముక్కతో ఇమ్మని అడగండి. లేదా పేరు కాగితం మీద రాయించుకోండి. చదువుకున్న పిల్లల చేత ఫోనులో అట్టను ఫోటో తీయించండి.

* ఊరిలో ఆర్.ఎం.పి. గారు సూదిమందు వేస్తే "ఏం మందు వేశారు?" అని మర్యాదగా అడిగి రాసుకోండి. అడగడం తప్పు కాదు.

* డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడండి. జ్వరం తగ్గిందని మీరే ఆపవద్దు, తగ్గలేదని మీరే పెంచవద్దు.

* మిగిలిన మాత్రలు దాచి మరొకరికి ఇవ్వవద్దు. పాత చీటీ చూపించి మళ్ళీ కొనవద్దు.

* వార్డులో రోగిని ముట్టుకునే ముందు, తర్వాత చేతులు కడుక్కోండి. మొండి క్రిములు మంచం నుంచి మంచానికి వెళ్ళేది చేతుల మీదనే.

మీరు తరచు అడిగే ప్రశ్నలు

"మందు రాయకుండా పంపేశారు. డాక్టరు శ్రద్ధ పెట్టలేదా?"

అలా కాదు. చూసి, పరీక్షించి, యాంటీబయోటిక్ అక్కరలేదని చెప్పడం కూడా వైద్యమే. ఎప్పుడు మళ్ళీ రావాలో, ఏ లక్షణాలు కనిపిస్తే భయపడాలో అడిగి తెలుసుకోండి.

"ఖరీదైన మందు బాగా పనిచేస్తుంది కదా?"

క్రిమికి సరిపోయిన మందే మంచి మందు. చాలా జబ్బులకు మొదటి వరుసలోని చవక మందే సరిపోతుంది.

"అయితే యాంటీబయోటిక్ అంటే భయపడాలా?"

వద్దు. పిల్లవాడు డొక్కలు ఎగరేస్తూ వేగంగా ఊపిరి తీస్తుంటే, పాలు తాగలేకపోతుంటే, మనిషి మగతగా ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. అలాంటప్పుడు సకాలంలో పడిన యాంటీబయోటిక్ ప్రాణం నిలుపుతుంది. అది దొరక్క చనిపోయే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. వాడకాన్ని లెక్క కట్టేది మందు లేకుండా చేయడానికి కాదు, అవసరమైన రోజున అది పనిచేయడానికి.

చివరిగా

మన దేశం 2017లో మొదటి జాతీయ కార్యాచరణ ప్రణాళికను, 2025 నవంబరులో రెండో ప్రణాళికను ప్రకటించింది. కొన్ని రాష్ట్రాలు సొంతంగా ప్రణాళికలు వేసుకున్నాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అయితే ఢిల్లీలో కూర్చున్నవారు కూడే ఆ పెద్ద లెక్క మన ఊరి మందుల షాపు బల్ల దగ్గరే మొదలవుతుంది. అక్కడ చీటీ చూపించి, పేరు ఉన్న అట్ట తీసుకుని, బిల్లు జాగ్రత్త చేసుకున్న ప్రతి మనిషీ ఆ లెక్కకు సాయం చేసినట్టే.

ఈసారి డాక్టరుగారు "ఏం మందులు వాడారు?" అని అడిగినప్పుడు "తెల్ల బిళ్ళలండి" అని కాకుండా, సంచిలోంచి కాగితం తీసి చూపించండి. మీ మనిషికి వైద్యం ఆ కాగితంతోనే సరిగా మొదలవుతుంది.